చచ్చినట్టు రాయని పురుగు

నిన్న పెసర్ల డబ్బా మూత తీయగానే ఒక పుచ్చుపురుగు ఎగిరొచ్చి చేతి మీద వాలింది. ఎండలో పోస్తే సరిపోతుందన్నారు ఇంట్లోవాళ్లు. నాకు మాత్రం సిరిసిల్లలోని మేనత్త ఇల్లు గుర్తొచ్చింది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. జగిత్యాలలో వ్యవసాయ పీజీ చదువుతూ ఈ పురుగులకు ఆయుర్దాయపు పట్టిక కడుతున్నాను. జనాభా లెక్కలవాళ్లు మనుషులకు చేసేదే: ఏ వయసులో ఎందరు పోతున్నారు, ముసలితనంలో చావు జోరందుకుంటుందా, నెమ్మదిస్తుందా అని చూడడం. సీసాకొక పురుగును పెట్టి రోజూ చూడాలి. ఒక్కరోజు తప్పినా పట్టిక పాడైనట్టే. సరిగ్గా అప్పుడే హాస్టల్ మూసేశారు. సీసాల పెట్టె ఒళ్లో పెట్టుకుని అన్నయ్య బండి వెనక కూర్చుని అత్త ఇంటికి బయలుదేరాను. దారిలో రోడ్డు మీదే వంటావార్పు చేస్తున్నవాళ్లు ఆపి, పెట్టెలో ఏముందని అడిగారు. పురుగులన్నాను. "గా పురుగులతోటి గూడ జై తెలంగాణ అనిపియ్యి, పో" అని నవ్వి, పులిహోర పెట్టి మరీ పంపారు.

అన్నయ్య నన్ను దింపి వెళ్లిపోయాడు. అత్త ఇంటి చుట్టూ మరమగ్గాలే. అక్కడ వాటిని సాంచాలంటారు. నాకు ఊహ తెలిశాక వాటి మోత ఆగిన మధ్యాహ్నం లేదు. ఆ రోజు బంద్. ఆ నిశ్శబ్దంలో పురుగులు గాజుకు కొట్టుకునే చిటుకు చిటుకు చప్పుడు ఇల్లంతా వినిపించింది. నాకెందుకో భయమేసింది.

మామ దుబాయి వెళ్లి, ఏళ్ల కిందటే జాడ లేకుండా పోయాడు. శవానికి బదులు దర్భబొమ్మ చేసి దహనం చేయాలని, అత్త గాజులు తీయించాలని ఆయన తమ్ముడు కోరుట్ల నుంచి వచ్చి కూర్చున్నాడు. అత్త అతని ముందునుంచి లేచి నా పక్కకొచ్చి సీసాలు చూస్తోంది. ఒకటి ఖాళీగా ఉంది. దూది బిరడా మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"గిది ఏడికి వోయింది బిడ్డా?"

"ఎరుక లేదత్తమ్మా."

"సచ్చిందని రాస్తవా?"

"పీనుగు దొరకంది గట్ల రాయద్దు. ఆఖరిసారి కండ్లవడ్డనాటి దాక బతికున్నట్టే లెక్క."

"గా తర్వాత?"

"గా తర్వాత సంగతి మనం చెప్పద్దు."

అప్పుడే చిటుక్కుమంది. సీసాల్లోంచి కాదు, మూలనున్న మామ సందుగలోంచి. తాళం వేసిన ఇనుప పెట్టె అది. ముగ్గురం అటే చూశాం, ఎవరమూ లేవలేదు. అత్త మరిది వైపు తిరిగి, "పురుగుకే గట్ల రాయరంట. నా మొగనికి నువ్వెట్ల రాస్తవు?" అంది. అతను చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

పోయినేడు అత్త గాజులతోనే కాటికి వెళ్లింది. ఆ సందుగ ఇప్పుడు నా దగ్గరే ఉంది, ఇంకా తాళం తీయలేదు. మామ వయసు మేమాయన్ని చివరిసారి చూసిన రోజు దగ్గరే ఆగిపోయింది. అత్త ఆ వయసు దాటి ముసలిదై పోయింది, ఈ ఏడుతో నేనూ దాటేస్తున్నాను.