ఎల్డన్ తుపాకి మీది దుప్పి

అమెరికాలోని మోంటానాలో ఎల్డన్ హాస్కెల్‌ని తుపాకి చూపించమని అడిగితే, ముందు మీ చేతులు చూపించమంటాడు. తనేమో తెల్లటి నూలు తొడుగులు వేసుకుని, ఊపిరి బిగబట్టి, పొత్తిళ్లలోంచి పసిబిడ్డను తీసినట్టు మఖమల్ గుడ్డలోంచి దాన్ని తీస్తాడు. కింద మీట లాగి తూటా ఎక్కించే తాతలనాటి తుపాకి, ఇంతవరకూ ఒక్కసారీ పేల్చనిది. దాని ఇత్తడి పలక మీద ఎవరో మహానుభావుడు కొమ్ములు విప్పుకున్న దుప్పిని చెక్కాడు. వేటకు పనికొచ్చే రెండు తుపాకులూ అమ్మి మరీ దీన్ని కొన్నాడు ఎల్డన్. వేట కాలం రాగానే అందరిలాగే వేటగాళ్ల నారింజరంగు కోటు తొడుక్కుని, గడ్డం పెంచి, వరండాలో కూర్చుని దీన్ని తుడుస్తుంటాడు.

మొన్న సీజను ఆఖరి రోజున నిజం దుప్పే వాకిట్లోకొచ్చి గడ్డివాము మీద పడింది.

"చలికాలానికంతా సరిపోయే మాంసం కాళ్లతో నడిచొచ్చిందయ్యా, కొట్టు!" అంది కిటికీలోంచి భార్య ఓపల్, గొంతు తగ్గించి.

"దీంతోనా? మతిపోయిందా నీకు! ఒక్కసారి పేలిస్తే దీని విలువ మంటగలిసిపోదూ?" అంటూనే ఎల్డన్ తుపాకి ఎత్తాడు. గురిపెట్టడానికి కాదు, పోల్చి చూడ్డానికి. "చూడవే, దాని కొమ్ముకి ఐదు పంగలే. మనదానికి ఆరు!"

దుప్పి తీరిగ్గా మేసి కంచె దాటింది. కాసేపటికి పక్కవాడి పొలంలో ఢామ్మని వినిపించింది.

భోజనానికి కూర్చుంటే పళ్లెంలో ఉడికిన చిక్కుడుగింజలు తప్ప ఇంకేమీ లేవు.

"మాంసం లేదా?" అన్నాడు ఎల్డన్.

ఓపల్ లోపలికెళ్లి, తొడుగులైనా వేసుకోకుండా తుపాకి పట్టుకొచ్చి, పళ్లెం పక్కన పెట్టింది.

"ఉందిగా, ఆరు పంగలది. నంజుకో!"