పైనుంచి రెండో మెట్టు

బండ కోసే మిషన్ల పక్కన పెరిగిన వాళ్ళకు చెవులు మందగిస్తాయని తాండూరులో అంటారు. చంద్రప్ప బిడ్డ నిరోషాను చూసిన వాళ్ళెవరూ ఆ మాట అనరు. ఆ పిల్లకు చెప్పిన మాటతో పాటు చెప్పకుండా మింగిన మాట కూడా వినపడుతుంది. ఇరవై ఏళ్ళకే ఆ విద్య ఎలా పట్టుబడిందో గాని, చదువుల్లో చెప్పేది మాత్రం కాదు.

చంద్రప్ప ఊరి బయట నాపరాయి గనిలో పనిచేస్తాడు. భార్య భాగమ్మ పాలిష్ యూనిట్‌లో రోజంతా నీళ్ళల్లో చేతులు పెట్టి పలకలు తిప్పుతుంది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి నిరోషా. పొద్దున ప్యాసింజర్ రైలెక్కి వికారాబాద్ పోయి డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చదువుతుంది. ఇది ఆఖరి సంవత్సరం. సాయంత్రం దిగీదిగగానే తాండూరు బస్టాండు పక్కన ఆన్‌లైన్ సెంటర్‌లో కూర్చుని జనం దరఖాస్తులు నింపుతుంది. అటు కొడంగల్ పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్ళు కూడా సెంటర్ నడిపే సేటును పక్కకు నెట్టి, ఆ పిల్ల ఉందా అని అడుగుతారు.

ఎందుకంటే నిరోషా మొదట చెప్పిన జవాబు రాసుకోదు. ఒకసారి ఒక ముసలాయన వయసు అరవై అన్నాడు. వేరే వాళ్ళయితే అరవై అని టైపు చేసి పంపేవారు. "తాతా, నీ పెద్ద కొడుక్కు ఎన్నేండ్లు?" అని అడిగింది నిరోషా. యాభై అన్నాడు. "అయితె పదేండ్లకే నీకు కొడుకు పుట్టిండా, మస్తు తొందరున్నదే నీకు" అన్నది. ముసలాయన నవ్వి, ఆధార్ కార్డు తీసి చూపించాడు. డెబ్బై రెండు.

ఇంత తెలివిగల పిల్ల కూడా ఒక్కసారి మొదటి జవాబే రాసుకుని వచ్చింది. కాలేజీ కాగితం మీద అచ్చయిన ప్రశ్న కదా, అందులో తప్పుంటుందని ఎవరనుకుంటారు.

ఆ ప్రశ్న ఇచ్చింది పద్మారాణి మేడం. ప్రపంచంలో ఏ దేశం ఎంత సంతోషంగా ఉందో ఏటేటా వరసపెట్టి చెప్తారట. మన దేశం ఆ వరసలో బాగా కింద ఉందట. మీ మీ ఊళ్ళల్లో అరవై మందిని అడిగి రండి, ఆ లెక్కలు కంప్యూటర్‌లో పెట్టి బొమ్మలు గీయండి అన్నది మేడం. అడగవలసింది ఒకటే మాట. పది మెట్ల నిచ్చెన ఉందనుకోండి, అన్నిటికన్నా మంచి బతుకు పై మెట్టు, అన్నిటికన్నా చెడ్డ బతుకు కింది మెట్టు, మీరు ఎన్నో మెట్టు మీద ఉన్నారు అని. మనిషి సంతోషాన్ని కొలవడానికి నిచ్చెన వేసిన మహానుభావుడు ఎవరో గాని, దాన్ని ఏ గోడకు ఆనించాలో చెప్పలేదు.

అందరికన్నా బాగా చేసిన ఒక్కరి ప్రాజెక్టు హైదరాబాద్ పోతుంది. అక్కడ ఒక కంపెనీ వాళ్ళు రెండు నెలలు పని నేర్పి, నచ్చితే ఉద్యోగంలోకి తీసుకుంటారు. నిరోషాకు ఆ చోటు కావాలి. తండ్రి గనిలో నుంచి బయటికి రావాలంటే ఆమె ఆ కంపెనీలోకి పోవాలి. లెక్క అంత సూటిగా ఉంది.

ఆదివారం చర్చి అయిపోయాక, గని వాళ్ళూ పాలిష్ వాళ్ళూ ఇళ్ళ దగ్గర దొరికే పూట చూసుకుని కాగితాలు పట్టుకుని తిరిగింది. ఒకరు రెండన్నారు. ఒకరు మూడన్నారు. ఇంకొకరు మళ్ళీ రెండు. పక్క సందులో మొగులమ్మ భర్త రాతిదుమ్ము ఛాతీలో నిండి రెండేళ్ళుగా మంచంలో ఉన్నాడు. ఆమె ఏమాత్రం ఆలోచించకుండా "తొమ్మిది. రాసుకో" అన్నది.

నిరోషా కలం ఆగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నీ అసోంటోళ్ళు ఊరికొక్కరుంటె దేశమే బాగుపడ్తది అత్తా" అన్నది.

మొగులమ్మ ఆ పిల్ల ముఖం వంక ఒక వింత చూపు చూసి, భర్తకు మందు తాపడానికి లోపలికి పోయింది.

అందరికన్నా ఆఖరున తండ్రిని అడిగింది. చంద్రప్ప గడప మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు.

"రెండు" అన్నాడు.

"సక్కగ ఆలోచించి చెప్పు నాయినా."

"ఆలోచించే చెప్పిన. ఒకటంటె బాగుండదు గద."

నిరోషా రెండు అని రాసింది. ఆ పూట ఆమె రొట్టె ముట్టలేదు. పదిలో రెండు. అది కూడా ఒకటంటే బాగుండదని మర్యాదకు అన్న రెండు. ఇరవై ఏళ్ళు తనను భుజాన మోసిన మనిషి, తను పుస్తకాలు కొన్నప్పుడల్లా చొక్కా కొనడం మానుకున్న మనిషి. తన చదువే ఆయన్ను అంత కిందికి దింపిందని అనుకున్నది. మర్నాడు సెంటర్‌లో సేటుతో, హైదరాబాద్ చోటు రాకపోతే చదువాపి నెల దాటాక పొద్దంతా పనికి వస్తానని చెప్పేసింది. పరీక్షల సంగతి సేటు అడగలేదు, ఆమె చెప్పలేదు.

కాలేజీలో మాత్రం ఆమె కాగితాలు చూసి పద్మారాణి మేడం మురిసిపోయింది. బతుకులు బాగుండవనుకున్న చోట అంకెలు కూడా బాగుండకపోతే చదువుకున్న వాళ్ళకు ఎంత సంబరమో. ఆ ప్రాజెక్టుకు "రాళ్ళ మధ్య నవ్వు లేదు" అని పేరు కూడా మేడమే పెట్టింది. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి హైదరాబాద్‌కు పేరు పంపుతామన్నది. ఆ పేరు నిరోషాదేనని క్లాసంతా అనుకున్నారు.

శుక్రవారం కాలేజీకి సెలవు. ఆ రోజు చంద్రప్ప సద్ది డబ్బా ఇంట్లోనే మరిచి పనికి పోయాడు. భాగమ్మ అప్పటికే యూనిట్‌కు పోయింది. డబ్బా తీసుకుని నిరోషా గని దగ్గరికి నడిచింది. ఆడపిల్లలు పాలిష్ యూనిట్లలో తిరుగుతారు గాని గని అంచుకు పోరు. పుట్టి బుద్ధెరిగిన తరువాత ఆమె ఆ అంచున నిలబడడం అదే మొదలు.

కింద పెద్ద గొయ్యి. పొర తరువాత పొర రాయి తీసుకుంటూ దిగుతారు కాబట్టి గోడ పొడుగునా మెట్లు ఏర్పడి ఉన్నాయి. పై మెట్ల మీద ఎండ, గాలి. అడుగున నీడ, బురద. అంచు మీద నిలబడి మేస్త్రీ బీరన్న కేక వేశాడు.

"రెండో మెట్టు మీదోడు పైకి రా. తొమ్మిదో మెట్టు జల్ది ఖాళీ చెయ్యుర్రి, నీళ్ళు ఊరుతున్నయ్."

కేక విని చంద్రప్ప పైకి వచ్చాడు. రెండడుగుల్లో అంచు మీద ఉన్నాడు. నిరోషా డబ్బా ఇవ్వడం మరిచిపోయింది.

"నాయినా, రెండో మెట్టు ఏది?"

"గిదే. నువ్వు నిలవడ్డదాని కింద ఒకటి, దాని కింద రెండు."

"పైనుంచి లెక్కపెడ్తరా?"

"కిందికెల్లి ఎట్ల పెడ్తరు బిడ్డా? కింది మెట్టు ఇంక పుట్టనే లేదాయె. రేపు తవ్వితె పుడ్తది."

బీరన్న నవ్వాడు. "ఏమయ్య చంద్రప్ప, కంప్యూటర్ల సదువు అంటివి. మెట్లు లెక్కపెట్టుడు గూడ నేర్పలేదా వాండ్లు?"

"దానికి అన్ని వస్తయి గని, నువ్వు నీ నీళ్ళ మోటర్ సంగతి చూసుకో" అన్నాడు చంద్రప్ప. బిడ్డను ఒకరు మాట అంటే ఆయన ఊరుకోడు.

నిరోషా డబ్బా ఆయన చేతికిచ్చింది. "మొన్న నీ బతుకు రెండో మెట్టు మీద ఉన్నదన్నవు. గది గూడ పైనుంచేనా?"

"మరి?" చంద్రప్పకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "ఎండ తగులుతున్నది, గాలి తగులుతున్నది. నువ్వు సదువుకుంటున్నవు, మీ అమ్మ పానం మంచిగున్నది. ఒకటంటె బయట పడ్డట్టె. నేనింక లోపల్నే ఉన్న గద. అందుకే రెండన్న."

ఆయన డబ్బా తెరిచి తినడం మొదలుపెట్టాడు. నిరోషా చూపు అడుగున తొమ్మిదో మెట్టు మీదికి పోయింది. మోకాలిలోతు బురదలో ఇద్దరు మనుషులు బకెట్లతో నీళ్ళు తోడుతున్నారు. మొగులమ్మ భర్త ఆరోగ్యం ఈ గనిలోనే పోయింది. మొగులమ్మ తానెక్కడుందో ఉన్నదున్నట్టు చెప్తే, నిరోషా నీ అసోంటోళ్ళు ఊరికొక్కరుండాలన్నది. ఆ మాట గుర్తుకొచ్చి నిరోషాకు చెవులు కాలిపోయాయి.

శనివారం రైలులో పక్కన దీక్షిత కూర్చున్నది. క్లాసు మార్కుల్లో నిరోషా తరువాతి చోటు ఆమెదే. సంగతంతా విని ఆమె పెద్దగా కంగారు పడలేదు.

"తిరగెయ్యి. పదకొండుల నుంచి తీసేస్తె అయిపోయె. కంప్యూటర్ల ఒక్క లైన్ పని."

"తిరగేస్తె గనోళ్ళది సక్కగైతది. పాలిషోళ్ళది తల్లకిందులైతది. వాండ్లు గని దిగరు, ఇంట్ల మెట్లు ఎక్కేటోళ్ళు, కిందికెల్లి చెప్పిర్రేమో. ఎవరు ఎటుకెల్లి చెప్పిర్రో నేను రాసుకోలే."

"అయితె చెప్పకు. ఎవరొచ్చి చూస్తరు?" అన్నది దీక్షిత. "నువ్వు తప్పుకుంటె నా పేరే పోతది, నాకెరికే. అయినా చెప్తున్న. చెప్పకు."

అటువంటి స్నేహితురాలు దొరకడం కూడా ఒక మెట్టే, దానికి అంకె వేసేవాడు లేడు గాని.

రైలు ధారూరు దాటింది. నిరోషా కిటికీ అవతల కంది చేలను చూస్తూ కూర్చున్నది. ఒక్క తాండూరు సందులోనే రెండు తొమ్మిదయింది, తొమ్మిది రెండయింది. మరి దేశాలను వరస నిలబెట్టిన వాళ్ళు మెట్లు ఎటు నుంచి లెక్కపెడతావని ఎంతమందిని అడిగి ఉంటారు? చేపలు పట్టేవాడు ఎట్లా లెక్కపెడతాడు? తాడిచెట్టు ఎక్కేవాడు? మన దేశం నిజంగా కిందే ఉందేమో. ఉండదని ఆమె అనుకోలేదు. మొగులమ్మను చూసిన వాళ్ళెవరూ అనుకోలేరు. కాని కింద ఉన్నవాళ్ళను పైన, పైన ఉన్నవాళ్ళను కింద రాసుకుని ఎవరి బాధ తీరుస్తారు? చదువు లేనివాడు పొరపాటు చేస్తే తప్పంటారు. చదువుకున్నవాడు చేస్తే దానికి అట్ట వేసి, పేరు పెట్టి హైదరాబాద్ పంపుతారు.

"నేను చూసిన గదా" అన్నది చివరికి.

పదిన్నరకు పద్మారాణి మేడం ముందు నిలబడి ఉన్నదంతా చెప్పింది.

"సోమవారం దాకా ఆగుతరా మేడం? మళ్ళ అడిగొస్త."

"ఆగరు నిరోషా. పన్నెండింటికి పంపాలి." మేడం కాగితాల వంక చూసింది. "ఈ ఛాన్సు పోతే మళ్ళీ రాదు. ఆలోచించుకో."

"ఎరికే మేడం. నా పేరు తీసెయ్యుండ్రి. మా నాయినకు లేని దుఃఖం అందుల ఉన్నది, మొగులమ్మత్తకు ఉన్న దుఃఖం అందుల లేదు."

మేడం కలం మూత తీసింది. ఆ తరువాత "రాళ్ళ మధ్య నవ్వు లేదు" అని తానే రాసిన పేరును తానే కొట్టేసింది. "ప్రశ్న నేనిచ్చిన. నాకు కూడా తట్టలేదు" అన్నది. పెద్ద చదువులు చదివిన వాళ్ళ నోట ఆ మాట రావడం అంత తేలిక కాదు, ఆమెకు ఆ గౌరవం ఇవ్వాలి. దీక్షిత పేరు హైదరాబాద్ పోయింది. ఆ సాయంత్రం రైలులో ఇద్దరూ ఒక్క పల్లీల పొట్లం పంచుకుని తిన్నారు. దీక్షిత కళ్ళు తుడుచుకుంటుంటే నిరోషా, "నువ్వేడుస్తె నిన్ను గూడ ఎన్నో మెట్టో అడగాల్సొస్తది" అన్నది.

ఆ రాత్రికి రాత్రే అంతా మరిచిపోయిందని చెప్తే అబద్ధం. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కాని సేటు దగ్గరికి పోయి, పొద్దంతా రాను, పరీక్షలు రాస్తా అని చెప్పింది. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి ఒక తెల్లకాగితం మీద నిచ్చెన బొమ్మ గీసింది. పైన సూర్యుణ్ణి పెట్టింది, కింద బురద పెట్టింది. ఒక్క అంకె కూడా వేయలేదు. అది పట్టుకుని మళ్ళీ అరవై గడపలూ తొక్కింది. మార్కులు అయిపోయినంక ఇంకెందుకే ఈ తిరుగుడు అని భాగమ్మ తిట్టింది. తిడుతూనే గొడుగు ఇచ్చి పంపింది.

మొగులమ్మ ఇంటికే మొదట పోయింది. "అత్తా, నోటితోని చెప్పకు. వేలు పెట్టి చూపెట్టు."

మొగులమ్మ బురద మీది మెట్టు మీద వేలు పెట్టింది.

"మొన్న నేనన్న మాట మనసుల పెట్టుకోకు. తప్పు నాదే."

"నాకు అప్పుడే అనుమానమొచ్చింది" అన్నది మొగులమ్మ. "బాగ సదువుకుంటె గిట్లనే మాట్లాడుతరేమో అనుకున్న." ఆ తరువాత, ఈ రెండేళ్ళలో ఎవరూ వచ్చి అడగని సంగతులన్నీ చెప్పింది. వాటికి కాగితంలో చోటు లేదు. నిరోషా కాగితం వెనక్కి తిప్పి రాసుకున్నది. భర్త పింఛను దరఖాస్తు ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో విని, సాయంత్రం సెంటర్‌కు కాగితాలు తెమ్మన్నది.

ఆఖరున మళ్ళీ తండ్రి. చంద్రప్ప బొమ్మను ఎండకు పట్టి చూసి, తన బొటనవేలు తెచ్చి దాని మీద ఆనించాడు. ఇరవై ఏళ్ళు బండలు లేపిన వేలు అది. దాని కింద పై మెట్టూ, రెండో మెట్టూ రెండూ మాయమయ్యాయి.

"నాయినా, ఏదో ఒకటి చూపెట్టాలె. నీ వేలు కింద రెండు మెట్లున్నయ్."

"ఉండనియ్" అన్నాడు చంద్రప్ప, వేలు తీయకుండా. "రెండోది నాది. పైది నీకని పట్టుకున్న."