బొమ్మ మీద చెయ్యి

నేను బాగా చదువుతానని మా ఊళ్ళో అందరికీ తెలుసు. నాకు చదవటం రాదని మాత్రం ఎవరికీ తెలీదు, నాకు కూడా.

నవ్వకండి. అయిదో తరగతి దాకా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వరస కింద వేలు జరుపుకుంటా, పాఠాలకి పాఠాలు గడగడా చదివి పారేసేదాన్ని. మాది తోటపల్లి గూడూరు దగ్గిర చిన్న ఊరు. ఒక పక్క వరి మళ్ళు, ఇంకో పక్క సరుగుడు తోపు, తోపు దాటితే ఇసక, ఆ పైన సముద్రం. బడి అంటే ఒక పూరిపాక, ఒక అయ్యవారు. తరగతి మొత్తానికీ రెండో మూడో పుస్తకాలు ఉండేవి. అయ్యవారు ఒక వాక్యం రాగం తీసి చెప్పేవాడు, మేమంతా అదే రాగంలో అందుకునేవాళ్ళం. సాయంత్రానికి పాఠం నోటికి వచ్చేసేది. పుస్తకం మన చేతికి వచ్చినప్పుడు బొమ్మ చూడటం, పాట ఎత్తుకోవటం. ఆవు బొమ్మ ఉంటే ఆవు పాఠం, పడవ బొమ్మ ఉంటే పడవ పాఠం.

అక్షరాలు రావా అంటే, పలక మీద దిద్దేవాళ్ళం. చక్కగా గుండ్రంగా దిద్దేదాన్ని. అయితే పలక మీది అక్షరాలే పుస్తకంలో ఉన్నాయని, వాటిని కూడబలుక్కుంటే మాట పుడుతుందని ఎవరు చెప్పినారు? ముగ్గు వేసినట్టు అది ఒక పని, పాట పాడినట్టు ఇది ఇంకో పని. చదవటమంటే ఇంతే అనుకున్నా. మా అయ్యవారు కూడా అట్నే అనుకున్నాడో ఏమో. మంచి మనిషి, పోయినాడు, ఇప్పుడు పోట్లాడటానికి కూడా లేడు.

నాయనకి చదువు రాదు. రాని మనిషికి ఉండే మురిపెం ఇంకెవరికి ఉంటుంది? పొద్దు వాలగానే కాళ్ళు కడుక్కుని తిన్నె మీద కూర్చుని, దోవన పోయేవాళ్ళని పిలిచి, "ఉండండబ్బయా, మా పాప చదువుతుంది, విని పోండి" అనేవాడు. నేను పడవ పాఠం ఎత్తుకునేదాన్ని. మా అన్న గోడకి ఆనుకుని వినేవాడు. అన్న నాకంటే చాలా పెద్ద. అదే బడిలో, అదే అయ్యవారి దగ్గిర అయిదు పాసై, ఇనస్పెక్టరు చేత శభాష్ అనిపించుకుని సేద్యంలోకి దిగినాడు. టీ అంగట్లో కూర్చుంటే పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. ఎప్పుడన్నా నాయన "ఇయ్యాల నువ్వు చదవరా" అంటే, "చెల్లి చదువుతుందిలే నాయనా, ఎండకి నాకు కళ్ళు మంట" అనేవాడు. ఎంత మంచి అన్నో, నాకే వదిలేస్తా ఉండాడు అని నేను పొంగిపోయేదాన్ని.

ఆరో తరగతి మా ఊళ్ళో లేదు. కోవూరులో మా మేనత్త ఉండేది, అక్కడ హైస్కూలు ఉంది. నాయన నలుగురి ముందరా మాట అనేసినాడు: "ఈ ఏడు ఇనస్పెక్టరు దొర వచ్చినప్పుడు మా పాప చదివి శభాష్ అనిపించుకుంటే కోవూరు పంపిస్తా. అనిపించుకోలేదా, ఆడపిల్లకి అయిదు చాలు, అమ్మతో నాట్లకి పోతుంది." ఇంగ్లీషోళ్ళు పోయి పదేళ్ళు దాటినా మా ఊళ్ళో ఇనస్పెక్టర్ని దొరా అనే అనేవాళ్ళు. నాట్లంటే నాకు వణుకు. బురదలో వంగిన అమ్మ నడుము సాయంత్రం ఇంటికి వచ్చినాక కూడా లేచేది కాదు. గోడ పట్టుకుని లేస్తా, "నీకు ఈ కర్మ వద్దు తల్లీ" అనేది. అందుకని కోవూరంటే నాకు ఊరు కాదు, ప్రాణం.

ఆ ఏడే బడికి ఒక పంతులమ్మ వచ్చింది. చిన్న వయసు, పెద్ద గొంతు. మా ఇంటి వెనక వసారాలోనే అద్దెకి దిగింది. వచ్చిన కొత్తలోనే నన్ను పిలిచి, "నువ్వేనా బాగా చదివేది? ఏదీ చదువు" అని పుస్తకం తెరిచి నా ముందర పెట్టింది. పెట్టి, బొమ్మ మీద చెయ్యి వేసింది.

నేను ఆ చేతి వంకే చూస్తా నిలబడినా. "చదువు" అంది. "చెయ్యి తియ్యండి" అన్నా. "ఎందుకు తియ్యాల? అక్షరాలు కనిపిస్తా ఉన్నాయి గదా!" అంది. కనిపిస్తా ఉన్నాయి, కనిపిస్తే ఏం చెయ్యాల? ఊరికే ఉండలేక ఆవు పాఠం ఎత్తుకున్నా. పంతులమ్మ చెయ్యి తీసింది. అది పడవ.

ఆమె నవ్వలేదు, కొట్టలేదు. పక్కన కూలబడి, "అయ్యో పిల్లా, నీకు అసలు చదవటమే రాదు గదే!" అంది. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఇనస్పెక్టరు వచ్చేదానికి ఇంక ఎంతో కాలం లేదు. "మా నాయనతో చెప్పొద్దు, మీ కాళ్ళు పట్టుకుంటా" అని ఏడ్చినా. చెప్పనంది. చెప్పనంటే ఊరుకుంటుందా? ఆ రోజు నించి నా పాట నోట్లోంచి పీకటం మొదలుపెట్టింది.

బడి వదిలినాక పుస్తకం ముట్టనిచ్చేది కాదు. మా ఊళ్ళో ఒక సాయిబు అంగడి ఉండేది. అక్కడ బెల్లం, మిరపకాయలు కట్టి ఇచ్చిన పొట్లాల కాగితాలు ఏరి తెచ్చి, వాటిలో ఏదో ఒక ముక్క చూపించి చదవమనేది. దాంట్లో రాగం లేదు, బొమ్మ లేదు, ముందూ వెనకా లేదు. నేను ఊహించి ఏదో అంటే మోకాలి మీద ఒక్కటి వేసేది. "ఉన్నది చదువు, నీకు తోచింది కాదు." ఆమెని ఎంత తిట్టుకున్నానో! నీ నోరు పడిపోను, నాకు వచ్చిన విద్య పోగొడుతున్నావు గదే అని లోపల్లోపల శాపనార్థాలు పెట్టినా.

నిజంగానే పోతా ఉండింది. అదే నా భయం. ఒక్కొక్క అక్షరం పట్టుకుని మాట చేసుకోవటం మెల్లిగా వస్తా ఉంటే, పాట వెనక్కి పోతా ఉండింది. తిన్నె మీద నాయన ముందర కూర్చుని పడవ పాఠం ఎత్తుకుంటే, కళ్ళు అక్షరాల దగ్గిర ఆగిపోయేవి, గొంతు ముందుకి పోయేది, రెంటికీ పొత్తు కుదరక మధ్యలో నిలిచిపోయేదాన్ని. వినేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. నాయన మొహం మాడిపోయేది. "ఏమ్మే, ఏమయింది నీకు? మొన్నటిదాకా నీళ్ళు పారినట్టు చదివేదానివే! ఆ పంతులమ్మ ఏం నేర్పిస్తా ఉండాదో ఏమో" అని ఒకరోజు గట్టిగానే అన్నాడు. వసారాలో ఆమెకి వినపడే ఉంటుంది.

ఇనస్పెక్టరు వచ్చినాడు. కుర్చీకి దుప్పటి పరిచి, కొబ్బరి బోండాం కొట్టి ఇచ్చినారు. నాయన, ఇంకో నలుగురు పెద్దోళ్ళు బడి బయట నిలబడి తొంగి చూస్తా ఉండారు. అయ్యవారు అందరికంటే ముందు నన్నే నిలబెట్టినాడు. "ఈ పిల్ల బాగా చదువుతుంది అయ్యా" అన్నాడు పాపం, నమ్మకంగా.

ఇనస్పెక్టరు పుస్తకం తెరిచి ఇచ్చినాడు. పడవ పాఠం! బొమ్మ మీద ఎవరి చెయ్యీ లేదు. కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంటే చాలు, కోవూరు. ఎత్తుకుందామనే నోరు తెరిచినా, ఒట్టు! మొదటి వాక్యం రాగంలోనే వచ్చింది. రెండో దానికి నా కళ్ళు అక్షరాల మీద పడినాయి, ఇంక కదలవే! ఒకసారి చదవటం తెలిసినాక, చూస్తా ఉన్నది చదవకుండా ఉండటం నా వల్ల కాలేదు. ఆగి, కూడబలుక్కుని, ఒక మాట, ఇంకో మాట.

"అయిదో తరగతిలో ఇంకా కూడబలుక్కోవటమేనా?" అన్నాడు ఇనస్పెక్టరు. పుస్తకం నా చేతిలోంచి తీసి పక్క పిల్లకి ఇచ్చినాడు. ఆ పిల్ల బొమ్మ చూసి గడగడా పాడేసింది. "శభాష్" అన్నాడు. ఆ పిల్ల వేలు ఎక్కడుందో, నోరు ఎక్కడుందో నేను చూసినా. పాఠం అయిపోయేసరికి వేలు ఇంకా మధ్యలోనే ఉండింది. పంతులమ్మ ఏదో చెప్పబోతే ఆయన చెయ్యి ఎత్తి ఆపేసినాడు. బయటికి చూస్తే నాయన లేడు.

ఇంటికి పోయేసరికి నాయన తిన్నె మీద ఉండాడు. "అయిపోయింది. రేపటి నించి బడి లేదు. నాట్లకి పో" అన్నాడు. నా వెనకే పంతులమ్మ విసవిసా వచ్చింది. "అయ్యా, ఈ బిడ్డ ఒక్కతే ఇయ్యాల బడిలో చదివింది. మిగతావాళ్ళు పాట పాడినారు" అంది. నాయనకి కోపం తన్నుకొచ్చింది. "దొరకి తెలీదా, నీకు తెలుసా? నాకు అక్షరం ముక్క రాదమ్మా. పాటేదో చదువేదో నాకు ఎట్టా తెలుస్తుంది? రెండూ నా చెవికి ఒకటే!"

ఇరుగూ పొరుగూ చేరినారు. ఇంత అన్యాయం ఎవరు ఓర్చుకుంటారు? నాకు ఒళ్ళు మండింది. "నాయనా, నేను ఎప్పుడూ చూడని కాగితం ఒకటి పట్టుకురా" అని అరిచినా. ఆయన ముందర అంత గొంతు ఎప్పుడూ ఎత్తలేదు. కొడతాడనుకుని అమ్మ నాకు అడ్డం వచ్చింది.

నాయన కొట్టలేదు. లేచి సాయిబు అంగడికి పోయి బెల్లం పొట్లం తెచ్చినాడు. బెల్లం తుండుగుడ్డలోకి ఒంపి, కాగితం దులిపి నా చేతికిచ్చినాడు. పాత పేపరు ముక్క, ఏదో మందు గురించి. చదివినా. "ఆకలి లేని వారికి... నీరసముగా ఉండు వారికి..." ఎంతసేపు పట్టిందో! మధ్యలో ఒక మాట దగ్గిర ఆగిపోయినా. అక్షరం కింద అక్షరం, దాని మీద ఇంకోటి. ఊహించి ఏదో అనెయ్యొచ్చు. మోకాలి మీద దెబ్బ గుర్తొచ్చింది. "ఈ మాట నాకు రాదు" అని చెప్పి, తర్వాతది చదివినా. "భోజనమునకు ముందు పుచ్చుకొనవలెను."

నాయన కాగితం తీసుకుని మళ్ళీ అంగడి వైపు పోయినాడు. ఎందుకో మాకు అర్థం కాలేదు. పంతులమ్మ నా చెయ్యి పట్టుకుని నిలబడింది. ఎదిరింటి గేదె అరిస్తే ఉలిక్కిపడినా.

నాయన తిరిగొచ్చినాడు. "సాయిబు చేత చదివించినా" అన్నాడు. "ముందర ఆకలి అన్నాడు, తర్వాత నీరసం అన్నాడు, అన్నం తినే ముందర తాగాలన్నాడు. పాప చెప్పిందే చెప్పినాడు." నా వైపు తిరిగి, "నువ్వు రాదన్న మాట ఉందే, సాయిబు కూడా ఆడ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు" అన్నాడు. అందరూ నవ్వినారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అంతటితో అయిపోయి ఉంటే ఎంత బాగుండేది! నాయన సంతోషం పట్టలేక, పొలం నించి అప్పుడే వచ్చిన అన్న వైపు తిరిగినాడు. "ఒరే అబ్బయా, నువ్వొకసారి చదవరా, చెల్లి చదవలేని ఆ మాట ఏందో చెప్పు" అని కాగితం ఇచ్చినాడు.

అన్న తీసుకున్నాడు. కళ్ళు మంట అనలేదు, అంతమంది ముందర ఏమంటాడు? ఒక పక్క చూసినాడు, తిప్పి రెండో పక్క చూసినాడు. అక్కడ ఏం వెతుకుతా ఉండాడో నాకూ పంతులమ్మకూ మాత్రమే తెలుసు. బొమ్మ వెతుకుతా ఉండాడు. చూస్తా చూస్తా ఉండగానే నాయన మొహంలో నవ్వు ఆరిపోయింది. రెండూ ఒకటేనని అరిచిన మనిషికి తేడా అప్పుడు తెలిసిపోయింది. మెల్లిగా అన్న చేతిలోంచి కాగితం తీసుకుని, "పోనీలేరా, పొద్దు పోయింది, వెలుతురు లేదు" అన్నాడు. ఇంకా చాలా వెలుతురు ఉంది.

పంతులమ్మ నేర్పిస్తానని ఎన్నిసార్లు పిలిచినా అన్న వసారా గడప తొక్కలేదు. మీసాలు వచ్చినోడు చెల్లెలి పక్కన కూర్చుని దిద్దుతాడా, సిగ్గు. శభాష్ అన్న దొర మళ్ళీ మా ఊరు రాలేదు. ఆ శభాష్ మీద నాకు ఇప్పటికీ కోపమే. పిల్లకాయలు గడగడా అంటే చప్పట్లు కొట్టేవాళ్ళని చూస్తే ఈ వయసులో కూడా నాకు చెయ్యి ఆగదు. పోయి బొమ్మ మూసేస్తా.

దొర శభాష్ లేకుండానే నాయన నన్ను కోవూరు పంపించే రోజు అన్నే నా రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా వచ్చినాడు. దుమ్ము లేపుకుంటా బస్సు వచ్చి నిలబడింది. అన్న ముందుకి పోలేదు. చుట్టూ జనాన్ని ఒకసారి చూసి, పెట్టె దించే నెపంతో నా పక్కకి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగినాడు.

"ఇది ఏ ఊరు పోయే బస్సు మే?"

బోర్డు చదివి చెప్పినా.