శనివారం నాటి దుడ్డుకర్ర

ఈ కథ పూర్తయ్యేసరికి ముగ్గురు వీరులు కాలి బూడిదవుతారు, ప్రొద్దుటూరు పరువు బెజవాడ వాళ్ళ కాళ్ళ కింద పడుతుంది. దీనికంతటికీ కారణం ఒకే ఒక్క మహానుభావుడు. ఆయనే ఇప్పుడు ఏమీ ఎరగనట్టు కూర్చుని మీకు ఈ కథ చెబుతున్నాడు.

కంగారు పడకండి, ఇది కంప్యూటర్ ఆట. రాక్షసులు, కోటలు, మంత్రాలు ఉండే ఆట. కడప జిల్లా, ఆయుధాలు అన్న మాటలు ఒకే చోట కనిపిస్తే కొందరికి వేరే ఆలోచనలు వస్తాయని తెలుసు. మా నాన్న ప్రొద్దుటూరులో పురోహితుడు. తరతరాలుగా మా ఇంట్లో మగవాళ్ళు పట్టుకున్న అతి పదునైన వస్తువు దర్భ.

మా జట్టులో ముగ్గురం. నాయకుడు ఖాదర్‌కు మా వీధిలోనే సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. ఆ అంగడి మీది గదిలోనే మేమిద్దరం ఆడేవాళ్ళం. ఆటలో వాడిది విల్లు. మూడోవాడు శివారెడ్డి, పులివెందుల దగ్గర చీనీతోటలు, అంటే బత్తాయి తోటలు, ఉన్న ఇంటివాడు, అక్కడి నుంచే హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడతాడు. పులివెందుల మనిషి ఏం పాత్ర తీసుకున్నాడనుకున్నారు? వైద్యుడు! ఆటలో కూడా ఎవరికైనా దెబ్బ తగిలితే చూడలేడు, పాపం. ఇక ముందు నిలబడి రాక్షసుడితో తలపడే యోధుణ్ణి నేను.

ఆ శనివారం పోటీ అగ్గిభూతం కోటలో. మా జట్టు, బెజవాడ జట్టు. భూతాన్ని ఎవరు ముందు చంపితే వాళ్ళ ఊరి పేరు కోట గుమ్మం మీదికి ఎక్కుతుంది, పై పోటీ వరకూ దిగదు. ఆట ఆడే ప్రతివాడూ ఆ గుమ్మం కిందనుంచే పోవాలి. ఖాదర్ దీనికోసం నెలల తరబడి కాచుకుని ఉన్నాడు. బెజవాడ వాళ్ళు ఒకసారి వాడి మాట విని, "మీరు మాట్లాడేది తెలుగేనా అండీ?" అని నవ్వారు. అది వాడి గుండెలో ముల్లులా ఉండిపోయింది. 'ప్రొద్దుటూరు' అని తెలుగు అక్షరాలతో జెండా కూడా గీసి పెట్టుకున్నాడు.

"ఆళ్ళు పొద్దన లేస్తే ఆ గుమ్మం కిందనే పోవాల సామీ. తలెత్తి మన ఊరి పేరు సదవాల" అనేవాడు.

ఇంత బరువు నా భుజాల మీద ఉంటే నేనేం చేశాను? శుక్రవారం పొద్దున నా పాత కత్తిని ఆటలోని బజారులో అమ్మేశాను. కొత్తది కొనాలి కదా! ఏది కొనాలన్నదే ప్రశ్న. దాని మీద రోజంతా ఉపన్యాసం ఇచ్చాను.

"సామీ, ఏం తీసుకుంటాండావు?" అన్నాడు ఖాదర్.

"తొందరపడగూడదు ఖాదర్. కత్తి శానా వేగం, కానీ కవచం మీద గీత గూడా పడదు. గొడ్డలి డాలును చీలుస్తాది, కానీ ఒకసారి ఎత్తినామంటే దించేలోపల ఎదుటోడు టీ తాగేసి వస్తాడు. ఈటె పొడుగే, ఇరుకు సందులో తిప్పలేము. గద ఉండాదే, అది కవచంతో పాటు లోపలుండే ఎముకలు గూడా..."

"ఏదో ఒకటి కొనప్పా!" అని హెడ్‌ఫోన్లలో అరిచాడు శివారెడ్డి. "నేను పోయి చీనీచెట్లకు నీళ్ళు పెట్టాల."

కొనలేదు. నా వంటి మేధావి ఒక్క రోజులో తేల్చే విషయమా అది?

శనివారం మధ్యాహ్నం, పోటీకి కాసేపటి ముందు, చివరికి తేల్చాను. ఇనుప గద. దాని బొమ్మ మీదికి మౌసు తీసుకుపోయి నొక్కబోతూ, ఎందుకో తలెత్తి గోడ మీది క్యాలెండర్ చూశాను. నా చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది.

బీటెక్ చదువుతున్న మనిషిని. మిగతా రోజుల్లో నాన్న చెప్పే వారాలనూ వర్జ్యాలనూ ఎగతాళి చేసేవాణ్ణి. అయితే ఆ ఏడాది రెండు సబ్జెక్టులు పోయాయి, నాన్న నా జాతకం చూసి ఏలినాటి శని అన్నాడు. అప్పటినుంచి లోపల భయం పట్టుకుంది.

"ఏంది సామీ, ఆగిపోతివి?"

"ఖాదర్, ఈ పొద్దు శనివారం."

"అయితే?"

"శనివారం ఇనుము కొనగూడదు."

ఖాదర్ మెల్లగా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "అది ఇనుము కాదు సామీ. బొమ్మ."

"బొమ్మ కింద ఏం రాసుండాది? ఇనుప గద అనే గదా?"

"సరేప్పా, నేను కొని నీకిస్తా. పట్టు."

"అయ్యయ్యో, అది ఇంకా మోసం! శనివారం ఇనుము దానం పడితే, ఇచ్చినోడి శని పట్టినోడికి చుట్టుకుంటాది."

"నాకు యాడుండాడప్పా శని?"

"నీ పక్క కుర్చీలోనే కూసోనుండాడు చూడు" అన్నాడు పులివెందుల నుంచి వైద్యుడు.

బజారంతా గాలించాను. కత్తి ఇనుము, గొడ్డలి ఇనుము, ఈటె మొన ఇనుము. ఇనుము తగలని ఆయుధం ఒక్కటే ఉంది. ఆట కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఊరకుక్కల్ని తరమడానికి కొనే దుడ్డుకర్ర. దాన్నే కొన్నాను.

"ఆడుండేది అగ్గిభూతం సామీ" అన్నాడు ఖాదర్, ఏడుపు గొంతుతో. "నీ చేతిలో ఉండేది కట్టె."

"అగ్గి దాని నోట్లో ఉంటాది. నేను ఎనక నుంచి కొడతా" అన్నాను. అప్పటి నా ధైర్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకే ఒళ్ళు మండుతుంది.

కోటలోకి దిగాం. బెజవాడ నాయకుడు నన్ను కిందికీ పైకీ చూసి మైకులో అందుకున్నాడు. "ఏవండీ, కడపవాళ్ళు ఏమేం పట్టుకొస్తారోనని మావాళ్ళు తెగ బెంగపెట్టుకున్నారండి. ఇదేంటండి, గేదెల్ని తోలుకెళ్తున్నారా?"

వాళ్ళ జట్టంతా పగలబడి నవ్వింది. ఖాదర్ చెవులు ఎర్రబడ్డాయి. నేను మాత్రం వీరావేశంతో భూతం వెనక్కి పరుగెత్తి, నడ్డి మీద ఒక్కటి పీకాను. అగ్గిభూతానికి ఒళ్ళంతా అగ్గేనని అప్పుడు తెలిసింది. కర్ర భగ్గుమంది.

తెలివైనవాడైతే ఏం చేస్తాడు? కర్ర పారేస్తాడు. నేను కర్రతో సహా వైద్యుడి దగ్గరికి పరుగెత్తాను.

"శివా, కాలుతాండాది, మందు పుయ్!"

"నా తట్టు రావద్దు సామీ! మందు మనిషికి, కట్టెకు కాదప్పా!"

అంతలోనే వాడి అంగీకి నిప్పంటుకుంది.

"కింద పారెయ్ సామీ!" అని ఖాదర్ అరిచాడు.

"ఏ బటన్?" అంటూ నేను వాడి వైపు తిరిగాను. వాడి వీపు మీది బాణాల పొది అంటుకుంది. వైద్యుడు పోయాడు, విలుకాడు పోయాడు, ఆఖరున నేనూ పోయాను. భూతం మమ్మల్ని ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. నిలబడి చూసిందంతే. తర్వాత బెజవాడ వాళ్ళు తీరిగ్గా దాన్ని చంపి, గుమ్మం మీద తమ ఊరి పేరు ఎక్కించుకున్నారు.

ఖాదర్ తన జెండా బొమ్మ తెరిచి కాసేపు చూసి మూసేశాడు. నాకు నిజంగా సిగ్గేసింది. అయినా నోరు ఊరుకోదు కదా. "నియమమైతే తప్పలేదు" అన్నాను.

"ఇంటికి పో సామీ" అన్నాడు వాడు, నా మొహం చూడకుండా.

ఇంటికి పోయేసరికి నాన్న జమ్మలమడుగులో ఏదో శాంతి చేయించి అప్పుడే బస్సు దిగి వచ్చాడు. జరిగిందంతా చెప్పాను. ఊళ్ళో అందరూ తిట్టినా ఈ ఒక్క మనిషి నన్ను మెచ్చుకుంటాడని ఆశ. ఆయన వింటూనే సంచీలోంచి నువ్వుల పొట్లం తీశాడు, నూనె డబ్బా తీశాడు, ఆ తర్వాత నిగనిగలాడే కొత్త ఇనుప బాణలి తీశాడు.

"ఇదేంది నాన్నా?"

"శనిదానం. ఆడ ఇచ్చిరి."

"ఇనుము! శనివారం!"

"శనిదానం శనివారం గాక బేస్తవారం ఇస్తారేందిరా? మీ అమ్మ దోసెలు పోసే పెనం, నువ్వు పండుకునే మంచం, అన్నీ ఇట్లొచ్చినవే గదా. ఇంటికొచ్చి తలకు పోసుకొని జపం చేసుకుంటే సరి."

"మరి ఇనుము వద్దని ఊరందరికీ చెప్తావే!"

"కొనగూడదని చెప్పినా" అన్నాడు నాన్న, బాణలిని వేలితో కొట్టి చూసుకుంటూ. "ఇస్తే తీసుకోగూడదని ఎప్పుడన్నా చెప్పినానా?"

మర్నాడు పోయి ఈ మాట ఖాదర్‌కు చెప్పాను.

"అంటే మీ ఇంట్లో అందరూ శనివారం ఇనుము మీదనే తిని, దాని మీదనే పండుకుంటాండారు. నేను గద ఇస్తానంటే మాత్రం వద్దని నన్ను కాల్చి సంపితివి."

"తప్పయిపోయింది ఖాదర్. పై పోటీకి..."

"పై పోటీకి నువ్వొద్దు. మీ నాయనను పంపీ. గద ఆయనకే ఇస్తా."

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా, చదివే మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ భూతం మీదికీ కట్టె పట్టుకుని వెళ్ళను. శనివారం నాడు ఎవరు ఇనుము ఇచ్చినా నోరు మూసుకుని రెండు చేతులా పుచ్చుకుంటాను, యుద్ధం గెలుస్తాను, ఇంటికొచ్చి తలస్నానం చేస్తాను.