మగవాళ్ళ వైపు బెంచీలు

అతని అసలు పేరు భార్యకూ బ్యాంకుకూ తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ అతను స్పానరే. చర్చికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు ఇవతలి పక్క, రేకుల షెడ్డులో మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు. చెయ్యి మంచిది, నోరు అంతకంటే మంచిది. అతని మాటలు వినడానికే బండి ఎప్పుడు చెడిపోతుందా అని చూసేవాళ్ళున్నారు. కొందరు కోళ్ళను పెంచుతారు, కొందరు కుక్కను పెంచుతారు. స్పానరు పగను పెంచాడు. వేళకు మేత వేసి, ఎండకు వానకు కాపాడి, ముద్దుగా పెంచాడు. నన్నడిగితే అతన్ని తప్పుపట్టడానికేం లేదు.

ఒక ఆదివారం పొద్దున పాస్టరుగారి స్కూటరు దారిలో మొరాయించింది. కబురు రాగానే స్పానరు ఇస్త్రీ చొక్కాతోనే పరుగెత్తి, నడిరోడ్డు మీద చతికిలబడి, కార్బురేటరు విప్పి, మట్టి ఊది, మళ్ళీ బిగించి, ఆయన్ను వేళకు చర్చికి చేర్చాడు. తర్వాత కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి చేతులు రుద్దుకుని తానూ వెళ్ళి మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. ఆ చర్చిలో కుడి పక్క బెంచీలు మగవాళ్ళవి, ఎడమ పక్కవి ఆడవాళ్ళవి. కట్టిన నాటి నుంచీ అంతే. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల సమయానికి అందరితోపాటు ముందుకు వెళ్ళి మోకరించాడు.

గిన్నె పట్టుకుని వరసగా అందించేది సంఘపెద్ద. బట్టల కొట్టు యజమాని, చొక్కా మడత నలగని మనిషి. ఆయన స్పానరు దాకా వచ్చి, గోళ్ళ సందుల్లో మిగిలిన నలుపు చూసి, గిన్నె వెనక్కి లాక్కున్నాడు.

“ఏమయ్యా, ఇది కూడా నీ షెడ్డే అనుకున్నావా? చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చే నెల రా.”

మగవాళ్ళ వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరి స్కూటరు కోసం ఆ చేతులు నల్లబడ్డాయో ఆ పాస్టరుగారు పుస్తకంలోకి తల దూర్చారు. స్పానరు లేచి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచాడు. ఆడవాళ్ళ వైపు నుంచి భార్య లేచి అతని వెనకే వచ్చింది.

ఇంటికి వెళ్ళారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ అన్నాడు. “ముందు వరసలో ఆయనకో చెక్క కుర్చీ ఉంది చూశావా? అందులోంచి ఆయన్ని దింపుతాను. దింపకపోతే నన్ను మనిషని పిలవకు.”

“దేవుడు చూసుకుంటాడు లెండి,” అంది భార్య.

“ఆయనకి బోలెడు పనులుంటాయి. ఇది నేను చూసుకుంటా.”

అతని ఆలోచన సూటిగానే ఉంది. మగాళ్ళే కనబడని చర్చికి పెద్దనంటూ ఎన్నాళ్ళు కూర్చుంటాడు? సిగ్గుతో తానే లేచిపోతాడు. ఆ వారమే షెడ్డు గోడ మీద రంగుతో రాయించాడు: ఆదివారం ఉదయం ప్లగ్గు శుభ్రం చేయడం, చైను బిగించడం ఉచితం. లోపల ఒక టీవీ పెట్టించాడు. పాత లారీ సీట్లు తెచ్చి గోడ వారగా వేశాడు. పెద్ద ఫ్లాస్కు నిండా టీ పోయించాడు.

మగవాళ్ళను చర్చికి దూరం చేయడం పెద్ద కష్టమైన పనేం కాదు. వాళ్ళు అప్పటికే గుమ్మం దగ్గర ఒక కాలు బయట పెట్టుకుని ఉంటారు. భార్యను బండి మీద తెచ్చి గేటు దగ్గర దింపి, ‘నువ్వెళ్ళు, బండి పెట్టి వస్తా’ అనే మొగుడు, ఆ బండి పెట్టడం ఆశీర్వాదం దాకా సాగదీయగలడు. పైగా వాళ్ళ బాధలు వాళ్ళకున్నాయి. పాటలు ఆడవాళ్ళ గొంతుకు సరిపోయే శ్రుతిలో ఎత్తుకుంటారు, మగవాడు అందుకోబోతే పీక పట్టేస్తుంది. కళ్ళు మూసుకోమంటే నిద్రొస్తుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, ‘నేను పాపిని’ అని పైకి అనాలి, పక్క వరసలో భార్య వింటూ ఉంటుంది. ఆ ఒక్క ముక్క ఇంట్లో ఎప్పుడు, ఎన్నిసార్లు తిరిగొస్తుందో పెళ్ళైన ప్రతివాడికీ తెలుసు. స్పానరు ఈ సంగతులన్నీ టీతోపాటు కలిపి పోశాడు.

“అయినా మన వంతు ప్రార్థన కూడా వాళ్ళే చేసేస్తున్నారుగా,” అనేవాడు. “ఇంటికొకళ్ళు చాలు. ఒకే ఇంటికి రెండు కనెక్షన్లెందుకు?”

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వేవారు. ముందు పెయింటరు వచ్చాడు, తర్వాత కరెంటు పని చేసేవాడు, ఆ తర్వాత లారీ డ్రైవరు, అతని తమ్ముడు, తోడల్లుడు. చూస్తుండగానే మగవాళ్ళ వైపు బెంచీల మీద దుమ్ము పేరుకుంది. పాస్టరుగారు బెంగపడి, ‘పురుషులు ఎందుకు రావడం లేదు’ అని ప్రసంగం మీద ప్రసంగం చేశారు. రానివాళ్ళకు పడాల్సిన చీవాట్లన్నీ వచ్చినవాళ్ళు తిన్నారు. సంఘపెద్ద అయితే లేచి నిలబడి, “మొగుళ్ళని చెప్పుచేతల్లో పెట్టుకోలేరా?” అని ఆడవాళ్ళ మీదే విరుచుకుపడేవాడు. అది విన్న రోజు స్పానరు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రోడ్డుకు ఇవతల నిలబడి, స్పానరు పట్టుకున్న చేత్తోనే మీసం దువ్వుకున్నాడు.

ఏళ్ళు గడిచాయి. కుర్చీలో పెద్దాయన మాత్రం చెక్కు చెదరలేదు. స్పానరుకు అది మింగుడు పడలేదు. ఒక రోజు అన్నం తింటూ భార్యతో అన్నాడు, “ఇప్పుడు అటు పక్క పట్టుమని పదిమంది లేరు. అయినా కదలడేమిటి ఆ మనిషి? సిగ్గూ శరం లేవా?”

భార్య పెరుగు వడ్డిస్తున్నదల్లా ఆగింది. ఎన్నాళ్ళ నుంచో నాలుక చివర పెట్టుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

“ఆయనెందుకు కదులుతాడు? ఏడాదికోసారి పెద్దని ఎన్నుకునేది ఎవరు? ఆ రోజు చర్చిలో ఉన్న మగాళ్ళు. మాకు చెయ్యెత్తే హక్కు లేదు. అటు మిగిలింది ఎవరు? ఆయన తమ్ముడు, ఇద్దరల్లుళ్ళు, కొట్లో గుమాస్తాలు. వద్దనేవాళ్ళందర్నీ మీరు పిలిచి టీ ఇచ్చి కూర్చోబెట్టారు. ఆ కుర్చీకి మేకులు కొట్టింది మీరే.”

స్పానరు చేతిలో ముద్దను తిరిగి కంచంలో పెట్టాడు.

“మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?”

“మీరు వినే స్థితిలో ఉన్నారా? మీ పగ మీకు చల్లగా ఉంది. మా సంగతో? పక్క గదిలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పేవాళ్ళం. దాన్ని తాళం వేసి తన బట్టల మూటలు నింపుకున్నాడు. అడిగితే, మగాళ్ళని తీసుకురండి, మాట్లాడతానంటాడు. మా మగాళ్ళేమో మీ లారీ సీట్ల మీద.”

ఆ రాత్రి స్పానరుకు పట్టిన నిద్ర అంతంత మాత్రమే. పెద్దాయన మీద ఉన్న కోపానికి తన మీద కోపం కూడా వచ్చి చేరింది, రెండూ కలిసి నెత్తికెక్కాయి. మర్నాటి నుంచే మొదలుపెట్టాడు. వచ్చే ఆదివారం ఎన్నిక, అందరూ చర్చికి వచ్చి ఒక్క చెయ్యెత్తండి చాలు అని షెడ్డుకు వచ్చిన ప్రతివాడినీ బతిమాలాడు.

“మనకెందుకు మావా,” అన్నాడు పెయింటరు. “ఒకే ఇంటికి రెండు కనెక్షన్లా?”

అందరూ ఘొల్లుమన్నారు. స్పానరుకు నవ్వు రాలేదు. తిట్టాడు, వాళ్ళింకా నవ్వారు. అలిగాడు, టీ వాళ్ళే పోసుకున్నారు. ఏళ్ళ తరబడి నూరిపోసిన మందు అంత తేలిగ్గా దిగుతుందా?

ఎన్నిక ఆదివారం వచ్చింది. టీవీలో మ్యాచి మంచి పట్టులో ఉంది. ఒక్కొక్కడూ భార్యను గేటు దగ్గర దింపి, బండి షెడ్డు ముందు నిలబెట్టి, లోపలికి వచ్చి కూలబడ్డాడు. స్పానరు మారుమాట్లాడకుండా బయట బళ్ళ మధ్య కూర్చుని రోజూలాగే ప్లగ్గులు విప్పాడు. అన్నీ విప్పడం అయ్యాక వాటిని ఒక డబ్బాలో వేసుకుని, టీవీ ముందు నిలబడి ఒకసారి గలగలా ఆడించాడు.

“మీ ప్లగ్గులు చర్చిలో ఉంటాయి. కావలసినవాళ్ళు అక్కడికి రండి.”

అని రోడ్డు దాటాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ప్లగ్గు లేనిదే బండి కదలదని అర్థమయ్యాక చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా, “ఒరేయ్, మావా, ఆగు!” అంటూ ఎగబడ్డారు. అలా ఆ చర్చి గుమ్మంలోకి అన్నాళ్ళకు అంతమంది మగవాళ్ళు ఒక్కసారిగా వచ్చిపడ్డారు. లోపల నిశ్శబ్దం చూసి గొంతులు పడిపోయాయి. ఇక చేసేది లేక బెంచీల దుమ్ము దులుపుకుని కూర్చున్నారు.

అప్పుడే పాస్టరుగారు అడుగుతున్నారు. “ఇప్పుడున్న పెద్దగారే కొనసాగాలనేవారు చేతులెత్తండి.” తమ్ముడు, అల్లుళ్ళు, గుమాస్తాలు ఎత్తారు. “వద్దనేవారు?”

స్పానరు డబ్బా పైకెత్తి, వెనక్కి తిరిగి పళ్ళ మధ్య నుంచి అన్నాడు. “ఎత్తినోడికే ప్లగ్గు.”

చేతులు లేచాయి. పెయింటరు రెండు చేతులూ ఎత్తాడు, అతని బళ్ళు రెండున్నాయి మరి.

“ఇదేం అన్యాయం!” పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. “వీళ్ళెప్పుడైనా చర్చికి వచ్చారా? రానివాళ్ళు చెయ్యెత్తడమేంటి?”

“వచ్చేవాళ్ళకి ఎత్తే హక్కు లేదుగా,” అంది స్పానరు భార్య, ఎడమ పక్క నుంచి.

పాస్టరుగారు ఇటు చూశారు, అటు చూశారు. ఎన్నాళ్ళకో ఆయన గొంతు పెగిలింది. “ఇక్కడున్న మగవాళ్ళు ఎన్నుకోవాలన్నదే మన పద్ధతి. పద్ధతి ప్రకారం పెద్దగారు దిగిపోవాలి.”

కొత్త పెద్దగా ఎవరంటే షెడ్డు మూక అంతా ఒక్క గొంతుతో స్పానరు పేరు చెప్పింది. త్వరగా తేలితే ప్లగ్గులు తీసుకుని వెళ్ళొచ్చునని వాళ్ళ తొందర. స్పానరు నడిచి వెళ్ళి పెద్దాయన ఎదుట నిలబడ్డాడు. అన్నేళ్ళుగా అద్దం ముందు, బండి కింద పడుకుని, నిద్ర పట్టనప్పుడు మంచం మీద సాధన చేసిన మాట ఒకటుంది. దాన్ని నెమ్మదిగా, ప్రతి అక్షరమూ నమిలి అన్నాడు.

“చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చే నెల రండి.”

పెద్దాయన తన చేతులకేసి చూసుకున్నాడు. “చేతులా? నా చేతులకేమైందయ్యా?” అన్నాడు అయోమయంగా. ఆ మనిషికి గుర్తే లేదు. ఎంత గుచ్చి చూసినా ఆ కళ్ళల్లో ఏమీ దొరకలేదు. ఒక మనిషి జీవితంలో ఇన్నేళ్ళు తినేసిన మాట ఆయన నోటి నుంచి ఊరికే రాలిపోయిందన్నమాట. స్పానరుకు నోట్లో వేసుకున్న మిఠాయి చప్పగా తగిలినట్టయింది.

ఆడవాళ్ళ ముచ్చట మాత్రం తీరింది. ఆ సాయంత్రమే పక్క గది తాళం తీసి, బట్టల మూటలన్నీ తలో చెయ్యీ వేసి మోసుకెళ్ళి, ఆయన కొట్టు గుమ్మానికి అడ్డంగా పేర్చి వచ్చారు. స్పానరు భార్య చివరి మూటను కాస్త గట్టిగానే పడేసింది. మర్నాటికి గదిలో కుట్టు మిషన్ల చప్పుడు మొదలైంది.

మరుసటి ఆదివారం స్పానరు కొత్త చొక్కా తొడుక్కుని, ప్రకటనల కాగితం పట్టుకుని ముందుకు వచ్చాడు. మగవాళ్ళ వైపు ఒక్క ప్రాణి లేదు. ప్లగ్గులు చేతికొచ్చాక వాళ్ళకిక చర్చితో పనేమిటి? అంతా తిరిగి షెడ్డు చేరారు, టీ వాళ్ళకు వాళ్ళే కాచుకున్నారు. పెద్దాయన తమ్ముడు, అల్లుళ్ళు, గుమాస్తాలు కూడా లేరు. స్పానరు రెండు ప్రకటనలు చదివాడో లేదో రోడ్డు అవతలి నుంచి పెద్ద నవ్వు వినిపించింది. ఆ నవ్వుల్లో ఒక గొంతు పైకి తేలుతోంది. కిటికీలోంచి తొంగిచూశాడు. బట్టల కొట్టు పెద్దాయన, చొక్కా మడత నలుగుతున్నా పట్టించుకోకుండా, స్పానరు లారీ సీటు మీదే కూర్చుని, స్పానరు గ్లాసులోనే టీ తాగుతూ, చర్చి మీద ఏదో జోకు చెప్తున్నాడు. కుర్చీ పోయింది కదా, ఇక ఆయనకు మాత్రం చర్చితో పనేమిటి?

స్పానరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితం బల్ల మీద పడేసి గుమ్మం వైపు నడిచాడు.

“ఎక్కడికి?” అంది భార్య లేచి నిలబడి.

“లాక్కొస్తాను ఒక్కొక్కడినీ. ఈసారి ప్లగ్గులు కాదు, చక్రాలే విప్పుతాను.”

“ఎవరి కోసం?” అంది. ఆమె గొంతులో అతనెప్పుడూ వినని కోపముంది. “మీ ఇద్దరి పంతానికి మా ఏళ్ళు పోయాయి. మగాళ్ళు రాలేదని ఆయన మమ్మల్ని తిట్టాడు. మీరు వాళ్ళు రావాలని మమ్మల్ని వదిలేసి పోతున్నారు. ఇక్కడ ఎవరున్నారో ఒక్కసారన్నా చూశారా?”

స్పానరు అప్పుడు చూశాడు. ఎడమ పక్క బెంచీల మీద ఒకరి మీద ఒకరు పడేలా ఇరుక్కుని కూర్చున్నారు. చంటిపిల్లల తల్లులు, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు చోటు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డారు. కుడి పక్క బెంచీలన్నీ ఖాళీ. ఇన్నేళ్ళూ ఇంతే. ఇన్నేళ్ళూ ఆ ఖాళీని చూసి తాను రోడ్డుకు అవతల మీసం దువ్వుకున్నాడు.

భార్య మరి అతనికేసి చూడలేదు. గోడ దగ్గరున్న ఒక ముసలమ్మను రెక్క పట్టుకుని, మధ్య దారి దాటించి, మగవాళ్ళ వైపు మొదటి బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కన తానూ కూర్చుంది.  తర్వాత నిలబడ్డవాళ్ళంతా వరసగా వచ్చారు. బెంచీలు నిండిపోయాయి.

“మరి వాళ్ళొస్తేనో?” అన్నాడు స్పానరు, గొంతు తగ్గించి.

“రానీయండి. గోడ ఖాళీగానే ఉందిగా, నిలబడతారు.”

స్పానరు వెనక్కి వచ్చి, కాగితం చేతిలోకి తీసుకుని, ప్రకటనలు మొదటి నుంచి చదివాడు.