కంబళి వీరుడిని నేను చంపిన విధం

నా జీవితంలో నేను ఒకే ఒక్కడిని చంపాను. పోలీసులు రాలేదు. వాళ్లు వచ్చి నన్ను పట్టుకుపోతే ఎంత బాగుండేదో అని మాత్రం చాలాసార్లు అనుకున్నాను. ఠాణాలో కూర్చోబెడితే కనీసం గౌస్ పహిల్వాన్‌కు దొరకకుండా ఉండేవాడిని కదా.

అప్పట్లో నాకు హుస్సేనీ ఆలంలో ఒక బొమ్మల పుస్తకాల దుకాణం ఉండేది. దుకాణం అనగానే మీరు పెద్దగా ఊహించుకోకండి. రెండు ఇళ్ల మధ్య మిగిలిపోయిన సందుకు తలుపు పెడితే ఎంతుంటుందో అంత. పుస్తకాలు లోపలుంటే నేను బయట, నేను లోపలుంటే పుస్తకాలు బయట. డిగ్రీ తప్పాక, తను పనిచేసే ఫ్యాక్టరీలో ఏదో ఒక పని చూపిస్తానని నాన్న అన్నాడు. నేను వినలేదు. గల్లీల్లోకి టీవీలు ఇంకా రాని రోజులు. పిల్లలూ పెద్దలూ బొమ్మల పుస్తకాల కోసం ఎగబడతారని నా లెక్క.

ఎగబడ్డారు కూడా. చిక్కల్లా సరుకుతోనే వచ్చింది. కొత్త పుస్తకాలు తెచ్చే స్తోమత లేక, పాత కాగితాల కుప్పల్లో వెతికి తెచ్చేవాడిని. ఆ పుస్తకాలన్నిటికీ ఒకటే జబ్బు, చివరి పేజీ ఉండేది కాదు. అది ఎప్పుడో ఊడిపోయి ఏ పల్లీల పొట్లమో అయిపోయి ఉండేది. కొన్నవాళ్లు మర్నాడే తిరిగొచ్చేవాళ్లు.

"అన్నా, దొంగ దొరికిండా, లేదా?"

"దొరికే ఉంటడు."

"ఉంటడేంది? దుకాణం నీది. నీకు తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది?"

ఇలా రోజూ లొల్లి పడుతుండగా నాకొక ఆలోచన వచ్చింది. ఆలోచన రావడం తప్పు కాదు, నాలాంటి వాడికి రావడమే తప్పు. బడిలో నేను కప్ప బొమ్మ బాగా గీసేవాడిని. ఆ ధైర్యంతో తెల్ల కాగితం మీద చివరి పేజీలు నేనే గీసి, మైదా గంజితో అంటించడం మొదలుపెట్టాను. నా వీరులందరికీ కొంచెం కప్ప పోలిక వచ్చేది గానీ, కథ ముగిసింది కదా అని జనం ఊరుకున్నారు. ఒకాయన "ముగింపు మస్తుగుంది" అని కూడా అన్నాడు. ఆ మాటే నా కొంప ముంచింది.

తర్వాత నా చేతికి కంబళి వీరుడి పుస్తకం వచ్చింది. నల్ల కంబళి కప్పుకుని, గుర్రమెక్కి, పేదల్ని పీడించే ఒంటికన్ను జాగీర్దార్‌ను తరిమేవాడు ఆ వీరుడు. మిగిలిన ఆఖరి పేజీలో ఇద్దరూ కొండ మీద కలబడుతున్నారు, పైన ఒక బండరాయి ఊగుతోంది. ఆ తర్వాత ఏముందో పల్లీలు తిన్నవాడికే తెలియాలి.

గుర్రం గీయడం నాకు రాదు. కంబళి మడతలు అంతకంటే రావు. బండరాయి మాత్రం చాలా సులువు. అందుకని పేజీ నిండా బండ గీసి, దాని కిందినుంచి బయటికొచ్చిన రెండు కాళ్లు గీసి, 'సమాప్తం' అని రాశాను. వీరుడు ఊరికోసం ప్రాణత్యాగం చేశాడని నా ఉద్దేశం. త్యాగం చేసినవాడికి గుర్రం అక్కర్లేదు కదా.

ఆ పుస్తకం కొన్నది గౌస్ పహిల్వాన్. గల్లీ చివర ఆయన తాలీం ఉండేది, కుర్రాళ్లకు అక్కడ కుస్తీ నేర్పేవాడు. ఆయన నడిచొస్తుంటే ఒక బీరువా తనంతట తను ఇల్లు మారుతున్నట్టు ఉండేది. తెలుగు చదవడం రాదు. బొమ్మలు చూసి, మంచం పట్టిన వాళ్లమ్మకు కథ చెప్పేవాడు. ఆమెకు కంబళి వీరుడంటే ప్రాణం.

కొన్నాళ్లకు ఒక పొద్దున దుకాణం తెరవబోతుంటే పక్కనున్న దర్జీ నర్సింలన్న పిలిచాడు.

"తమ్మీ, నిన్న నువ్వు పోయినంక పహిల్వాన్ వచ్చిండు."

"ఎందుకన్నా?"

"ఏమో. పోరడు యాడున్నడు అన్నడు. నీ తాళం చేతుల వట్టుకొని చూసిండు."

"గుంజి చూసిండా?"

"లేదు. ఊకెనే వట్టుకొని నిలవడ్డడు. నాకైతే ఆ తాళాన్ని జూస్తే పాపమనిపించింది."

"కోపంగున్నడా?"

"నవ్వుతలేడు." నర్సింలన్న సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు. "ఆయన అమ్మ బువ్వ తింటలేదంట. నీ పుస్తకం చూసినకాడికెళ్లి పళ్లెం ముట్టుకుంటలేదంట. కంబల్‌వాలా సచ్చిపోయిండు గద."

ముసలమ్మకు ఏమైనా అయితే ఆ పాపం నాది. ఏమీ కాకపోయినా పహిల్వాన్ నాకు ఏదో ఒకటి చేస్తాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు గానీ, నుయ్యి వెతుక్కుంటూ మన దుకాణానికి రాదు. తలుపైనా తీయకుండా యాకుత్‌పురా స్టేషన్‌కు పరుగెత్తాను. మలక్‌పేటలో మా అక్క ఉంది. గొడవ చల్లారేదాకా అక్కడే దాక్కోవాలని నిశ్చయించుకున్నాను.

రైలు మలక్‌పేటలో ఆగబోతుండగా ప్లాట్‌ఫారం మీద కొండంత భుజాలతో ఒక ఆకారం కనిపించింది. నా గుండె జారింది, దాని వెనకే నేనూ జారాను. రైలు ఆగకముందే అవతలివైపు దూకేశాను. కంకర మీద పడి, కుడికాలు మడత పడ్డాక తల ఎత్తి చూస్తే ఆ ఆకారం ఒక బక్కపలుచని కూలీ. భుజాల మీద పరుపు చుట్ట మోస్తున్నాడు.

ఎలాగో అక్కావాళ్లింటికి చేరేసరికి మడమ సొరకాయంత అయింది. మా బావ యాదగిరి నన్ను అమాంతం ఎత్తి రిక్షాలో పడేశాడు.

"ఫికర్ చెయ్యకు బామ్మర్దీ. ఒక్క గుంజుడు గుంజితే లేచి నడుస్తవు. బొక్కలు కట్టుట్ల ఆయనంత మొనగాడు లేడు."

రిక్షా చార్మినార్ దాటింది. నాకు బాగా తెలిసిన మలుపు తిరిగింది. ఇంకో మలుపు కూడా తిరిగింది.

"బావా, నొప్పి తగ్గింది. ఇంటికి పోదాం."

"తగ్గితే దిగి నడువు."

దిగి నడవలేను. పహిల్వాన్ ఎముకలు కూడా కడతాడని నాకు తెలియక కాదు. మలక్‌పేటలో కూడా మనుషులు కింద పడుతుంటారు కదా, అక్కడా ఎవరో ఒకరు ఉండకపోతారా అనుకున్నాను.

తాలీంలో నూనె వాసన. పహిల్వాన్ పీట మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు.

"నువ్వా," అన్నాడు. "నీ కోసమే తిరుగుతున్న."

బావ ముఖం వెలిగిపోయింది. "మీకు ఎరుకేనా సాబ్? గట్లయితే జర మంచిగ చూడుండ్రి."

పహిల్వాన్ నా పాదాన్ని ఒళ్లోకి తీసుకుని వెచ్చటి నూనె పోశాడు. ఆయన అరచేతిలో నా కాలు పిల్లి నోట్లో పిచ్చుకలా ఉంది. బొటనవేలు సరిగ్గా మడమ మీద ఆనించి మెల్లగా అడిగాడు.

"సచ్ బోలో బేటా. కంబల్‌వాలా నిజంగ సచ్చిపోయిండా?"

చచ్చిపోయాడంటే నా కాలు ఉండదు. బతికే ఉన్నాడంటే ఆ పేజీ ఎక్కడిదంటాడు. అప్పుడూ ఉండదు. ఏడుపు ఆపుకుంటూ నిజమే చెప్పాను.

"నేనే గీసిన సాబ్. చివరి పేజీ లేకుండె. నాకు గుర్రం గీయరాదు."

పహిల్వాన్ నా మడమను ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు.

"గుర్రం గీయరాదని మనిషిని చంపినవా," అన్నాడు, కాలు ఒక్కసారి గుంజాడు.

నేను పెట్టిన కేకకు కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి. కళ్లు తెరిచాక కాలు ఉందా లేదా అని తడుముకున్నాను. ఉంది. వాపు ఉంది గానీ, నొప్పి సగం పోయింది. అది శిక్ష అనుకున్నాను, వైద్యమట.

"కాలు ఐపోయింది. చేతులు బాగనే ఉన్నయ్ గద," అన్నాడు ఆయన పట్టీ కడుతూ. "నడు. అమ్మీకి బతికిచ్చి చూపియ్యి."

వెనకే వాళ్ల ఇల్లు. ముసలమ్మ మంచం మీద జపమాల తిప్పుకుంటోంది. పక్కన మూత తీయని పళ్లెం. పహిల్వాన్ నా భుజం పక్కనే నిలబడ్డాడు. బండను తోసుకుని లేచి నిలబడ్డ కంబళి వీరుడిని గీశాను. కంబళి బొంతలా వచ్చింది, ముఖం యథాప్రకారం కప్పలా వచ్చింది. పహిల్వాన్ ఆ కాగితం వాళ్లమ్మ చేతిలో పెట్టాడు.

"అమ్మీ, కంబల్‌వాలా జిందా ఉన్నడు. సావలే."

ఆమె కాగితాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకుంది.

"బండ కింద ఉన్నది ఈయననా? నేను ఆ ఒంటికన్నోడనుకున్న."

పహిల్వాన్ వంగి కాగితంలోకి చూశాడు.

"వాని పీడ పోయిందని శుక్రానా రోజాలు పట్టిన," అందామె. అంటే దేవుడికి కృతజ్ఞతగా పగలంతా ఉండే ఉపవాసాలు.

పహిల్వాన్ గొంతు చిన్నబోయింది. "నాకు చెప్పలేదేంది అమ్మీ?"

"నువ్వు అడిగినవా? ఆఖరి బొమ్మ కథ చెప్పకనే నా చేతుల వెడితివి. పగటీలి పళ్లెం తెచ్చి పెడితివి, ఏడుపు ముఖంతోని పోతివి. పొద్దుగూకినంక నువ్వు తాలీంల ఉంటవు, నేను మంచిగ గంజి తాగుతున్న." ఆమె మళ్లీ కాగితం వంక చూసింది. "మరి ఆ ఒంటికన్నోడు యాడున్నడు?"

నేను నేల చూపులు చూశాను.

"బతికే ఉన్నడా?" ఆమె కాగితం పక్కన పడేసి గోడవైపు తిరిగి పడుకుంది. "గట్లయితే వాడు సచ్చేదాక నాకు బువ్వ వద్దు."

పహిల్వాన్ మెల్లగా నావైపు తిరిగాడు. ముందు నా ముఖం చూశాడు, తర్వాత నా రెండో కాలు చూశాడు.

"గీయి," అన్నాడు.

ఆ పగలంతా నేను ఒంటికన్ను జాగీర్దార్‌ను చంపుతూనే ఉన్నాను. బావిలో పడేశాను, ఏనుగుతో తొక్కించాను, ఆ ఏనుగు కూడా కప్పలాగే వచ్చింది. "ముఖం కనవడ్తలేదు" అని ముసలమ్మ ప్రతి కాగితాన్నీ వెనక్కి ఇచ్చేది. చివరికి వాడిని చెట్టుకు తలకిందులుగా వేలాడదీసి, ఉన్న ఒక్క కన్నూ మూయించాక గానీ ఆమె పళ్లెం మూత తీయలేదు.

అందుకే పెద్దలు అన్నారు, అన్నది వేరే సందర్భంలో అనుకోండి, బండ గీయనేల, కాలు విరగ్గొట్టుకోనేల అని. నేను ఆనాడే కుడికాలు పట్టుకుని ఘనంగా ప్రమాణం చేశాను. ఇకమీదట పొరపాటున కూడా ఎవరినీ చంపను. చంపక తప్పని రోజు వస్తే, ముందుగా ముఖం చూపించి, పేరు రాసి, చచ్చింది వాడేనని ముసలమ్మ చేత ఒప్పించుకున్నాకే చంపుతాను.