బూడిదలో మూడు జతలు

చచ్చిపోయిన మా నాన్న మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. ఆయన మీద ఒట్టేసి అబద్ధమాడేంత నీచుణ్ని కాను.

చికిటిలో మా ఇంట్లోనే, మంచం మీదే, నాన్నను నరికేశారు. పోలీసులు మా పొలంలో పనిచేసే కూలివాణ్ని పట్టుకుపోయి, కేసు తేలిపోయిందన్నారు. వాడొక్కడేనా? నేను నమ్మలేదు. గడియ లోపలి నుంచి తీసి ఉంది. రోడ్డు పక్క భూమికి సంతకం పెట్టనన్నందుకు బాబాయి ఏడాదిగా నాన్న మీద పళ్లు నూరుతున్నాడు. ఆ రాత్రి నేను ఊళ్లో లేను; అమ్మేమో, గోసాని నువాగాం అనే ఊళ్లో పిన్ని ఇంట్లో ఉన్నానంది. నాన్న ఒంటరిగా ఉంటాడని వాళ్లకెవరు చెప్పారు?

పదో రోజు రాత్రి అమ్మ ఆ గదిలో బూడిద జల్లి, మధ్యలో దీపం పెట్టింది. పోయినవాళ్లు వచ్చి అడుగు వేసి వెళ్తారని మా నమ్మకం. బయట తాళం వేసి, తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను.

"పిలవకురా. పిలిస్తే ఎల్లలేరు," అంది అమ్మ. "సల్లగా ఎల్లిపో నానా అను, సాలు."

నా ఒళ్లు మండిపోయింది. చల్లగా ఎలా వెళ్తాడు? అమ్మ పడుకున్నాక తలుపుకు నోరు ఆనించి అడిగాను.

"నానా... ఎవులు సంపీసినారు? సూపించు."

చెవి తలుపుకు ఆనించాను. తర్వాత... స్‌ర్‌ర్... బూడిద మీద అరికాలు ఈడ్చినట్టు. ఆగింది. మళ్లీ... ఈసారి రెండు చోట్ల. నా చెవి తలుపుకు అంటుకుపోయింది. అవతల, సరిగ్గా నా చెవి దగ్గరే, ఎవరో ఊపిరి బిగబట్టారు. లోపలి గడియ మెల్లగా కదిలింది...

తెల్లారాక అమ్మా నేనూ తలుపు తీశాం. బూడిదలో మూడు జతల పాదాలు. మంచం పక్కనున్న జతలో ఎడమ కాలికి బొటనవేలు లేదు. పొలం దున్నే టిల్లర్‌లో పడి ఆ వేలు పోగొట్టుకుంది బాబాయి. నాకు ఏడుపు రాలేదు, సంతోషమేసింది. దొరికావురా అనుకున్నాను. రెండోది ఆ కూలివాడిదే అయ్యుండాలి. మూడోది గుమ్మం దగ్గర, గడియ కింద. చిన్నవి. ఆడ పాదాలు.

ఫొటో తీద్దామని నేను ఫోన్ బయటికి తీసేలోపు అమ్మ వంగి, చీర కొంగుతో ఆ మూడో జతను తుడిచేసింది.

"ఏటి సేస్తున్నావమ్మా?"

"ఇద్దరే," అంది, నా వైపు చూడకుండా. "ఎవులడిగినా ఇద్దరే అని సెప్పు."

వచ్చింది నాన్నో, నా కోపమో, ఇంకేదో... ఇప్పటికీ తెలియదు. బాబాయిని వదలను. కోర్టు వదిలినా నేను వదలను. అమ్మను మాత్రం ఇంతవరకూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయం.